నాయనమ్మ పేరు పెంటమ్మ, పాపకు వచ్చిన అక్షరం ‘ణ’

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. పన్నెండు రోజుల కిందట మాకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెడదామని పెద్దవాళ్లు అనుకున్నారు. హస్తా నక్షత్రం మూడో పాదం కాబట్టి ‘ణ’తో పేరు రావాలని పంతులుగారు చెప్పారు. ‘ణ’తో ఎక్కడ వెతికినా ఒక్క పేరూ దొరకలేదు. ‘న’ తీసుకోవచ్చని ఎవరో అంటే మా ఆయన ఫోన్‌లో వెతికి నైరా, నైషా, నిహారిక అని మూడు ఏరారు. నైరా అంటే ఒకచోట మెరుపు అని ఉంది, ఇంకోచోట గులాబీ అని, మరోచోట పెద్ద కళ్లున్న అమ్మాయి అని. ఏది నమ్మాలి? ఇంతలో మా నాన్న ఫోన్ చేసి, మా నాయనమ్మ పేరు పాప పేరులో ఎక్కడో ఒకచోట కలపమని అడిగారు. ఆమె పేరు పెంటమ్మ. నాయనమ్మంటే నాకు ప్రాణం. కానీ ఆ మాట బిడ్డ సర్టిఫికెట్‌లో ఉంటే రేపు స్కూల్లో ఏమంటారోనని టెన్షన్. కాదంటే నాన్న బాధపడతారు. అసలు ఆడపిల్లకు అలాంటి పేరు ఎందుకు పెట్టారో కూడా నాకు తెలియదు. ఆస్పత్రి వాళ్లేమో పేరు త్వరగా చెప్పమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మా, ముందుగా ఆస్పత్రి తొందర గురించి చెప్పేస్తాను, మనసు కాస్త తేలికపడుతుంది. చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు కావాల్సింది పుట్టుక. పేరు లేకుండా కూడా పుట్టుక నమోదవుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో దీనికోసం ఒక సెక్షనే ఉంది. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు ఎప్పుడైనా పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా కొద్దిపాటి రుసుముతో వీలుంది. కాబట్టి ఫారంలో ఏదో ఒకటి రాసేయాలన్న కంగారు వద్దు. తోచక రాసిన పేరును తర్వాత మార్పించుకోవడమే కష్టం.

ఇక మీ నాయనమ్మ పేరు. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే.

పెంట అంటే చెత్త, పేడ, ఊడ్చి పోసిన కుప్ప. నిఘంటువులో ఆ అర్థమే ఉంటుంది, దాచాల్సింది ఏమీ లేదు. కానీ ఆ పేరు పెట్టిన తల్లి తన బిడ్డను చెత్త అనుకోలేదు. చావు కంటికి చెత్తలా కనబడాలని కోరుకుంది. ఒకరిద్దరు పిల్లలు పుట్టి పోయిన ఇంట్లో మరో బిడ్డ పుడితే, ఆ బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. ఇంటి మనిషో పక్కింటామో వచ్చి, ఎవరో పారేసిన బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చేవారు. వీళ్లకే అక్కరలేని బిడ్డ మనకెందుకని మృత్యువు వెళ్లిపోతుందని నమ్మకం. ఆ బిడ్డ మగపిల్లవాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. ఊరంతా రోజూ ఆ పేరుతో పిలుస్తుంటే ఆ రక్షణ రోజూ ఉన్నట్టే.

ఈ ఆచారం మీ ఊరిదే కాదు. తెలుగు నేలంతటా రకరకాల రూపాల్లో ఉంది. భోంచేసి తీసేసిన ఎంగిలి ఆకును పుల్లి విస్తరి అంటారు. బిడ్డను ఆ పుల్లాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. తెలుగు సినిమా తొలితరంలో సి. పుల్లయ్య, పి. పుల్లయ్య అని ఇద్దరు పెద్ద దర్శకులు ఉన్నారు. ఆ పేరు వినగానే ఎంగిలాకు ఎవరికీ గుర్తురాదు, వాళ్ల సినిమాలే గుర్తొస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్తే తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అనే పేర్లు వినిపిస్తాయి. బిడ్డను వేరొకరి చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నట్టు చేసేవారు. అప్పుడు ఆ బిడ్డ కన్నబిడ్డ కాదు, కొన్నబిడ్డ. మీ తెలంగాణలో భిక్షపతి, బిచ్చమ్మ, భిక్షమయ్య ఎంతమందో. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని చెప్పడం అది. తమిళులకు కుప్పుసామి ఉన్నాడు, పిచ్చై ఉన్నాడు. తమిళంలో పిచ్చై అంటే భిక్షే. తెలుగువాళ్లకు చెవికి మరోలా తగులుతుంది కానీ, ఆ పేరు వెనక ఉన్నదీ మన భిక్షపతి తల్లి మొక్కులాంటిదే.

ఈ తల్లులకు ఎందుకంత భయమో ఒక్క లెక్క చెబితే తెలుస్తుంది. 1971లో మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020కి ఆ సంఖ్య 28కి తగ్గింది. మీ నాయనమ్మ పుట్టింది 1971 కంటే చాలా ముందే అయి ఉంటుంది. అప్పటికి పల్లెల్లో టీకాలు లేవు, డాక్టరు లేడు, ధనుర్వాతమో విరేచనాలో వస్తే చూస్తూ ఉండిపోవడమే. అలాంటి ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క మందు పేరు. ఆమెకు వాళ్లు ఆ మందు వేశారు. ఆమె బతికింది. మీ నాన్నను పెంచింది. మీరు పుట్టారు. ఇప్పుడు మీ ఒళ్లో పాప ఉంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. ఒక ఏడాది ఏడో తరగతిలో పెంటయ్య అనే పిల్లవాడు ఉండేవాడు. హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేది, వాడు తల దించుకుని గొణిగేవాడు. కొన్ని నెలలు నేనూ పట్టించుకోలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకరోజు వాళ్లమ్మ ఏదో పనిమీద బడికి వస్తే అడిగాను. వాడికి ముందు ముగ్గురు పోయారని చెప్పింది. మర్నాడు పాఠం పక్కన పెట్టి, ఊళ్లో ఉన్న ఇలాంటి పేర్లన్నీ పిల్లలతోనే చెప్పించి, ఒక్కొక్కటీ ఎందుకు వచ్చిందో బోర్డు మీద రాశాను. ఆ తర్వాత హాజరు వేళ ఎవరూ నవ్వలేదు. పెంటయ్య గట్టిగా ‘ఉన్నాను సార్’ అనడం నాకు బాగా గుర్తు.

పెంట అనే మాటకు ఇంకో ముఖం కూడా ఉంది. మీది పల్లె కాబట్టి తెలిసే ఉంటుంది, ఎండాకాలంలో బండ్లు కట్టి పొలాలకు పెంట తోలతారు. ఏడాదంతా పోగుచేసిన ఆ కుప్పే చేనుకు బలం. నల్లమలలో చెంచుల గూడేలను పెంటలు అంటారు, అప్పాపూర్ పెంట అలాంటిదే. నిఘంటువులో ముందు కనబడే అర్థం చూసి మాటను తోసేయకూడదని చెప్పడానికే ఇవన్నీ రాస్తున్నాను.

అయితే పాప సర్టిఫికెట్‌లో పెంటమ్మ అని రాయించాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. ఆ పేరు ఒక బిడ్డ ప్రాణం కోసం వేసిన మొక్కు, ఆ పని అది చేసేసింది. మీ పాపకు దేవుడి దయవల్ల ఆ అవసరం లేదు. పైగా కారణం తెలియని తోటి పిల్లల మధ్య ఆ పేరు మోయాల్సింది మీరు కాదు, పాప. అలాగని మీ నాన్నకు ‘కాదు’ అని చెప్పాల్సిన పనీ లేదు. ఎందుకంటే మన పద్ధతిలో బిడ్డకు ఒకే పేరు ఉండాలన్న నియమం ఎప్పుడూ లేదు. నామకరణంలో పెట్టే పేర్లే నాలుగు: కులదేవత మీద ఒకటి, పుట్టిన నెలను బట్టి ఒకటి, నక్షత్రాన్ని బట్టి ఒకటి, లోకంలో పిలవడానికి ఒకటి. బడిలో, బ్యాంకులో, పాస్‌పోర్టులో ఉండేది చివరిది. మనం చేస్తున్న పొరపాటు ఏమిటంటే, ఈ నాలుగింటి బరువూ తెచ్చి ఒక్క పేరు మీద వేస్తున్నాం. నక్షత్రానికి సరిపోవాలి, పెద్దల పేరు రావాలి, అర్థం గొప్పగా ఉండాలి, కొత్తగా ఉండాలి, ఇంగ్లిషులో పొట్టిగా ఉండాలి. ఏ మాట మాత్రం ఇంత మోయగలదు?

తొట్టెల రోజున పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేర్లు రాస్తారు కదా. అందులో ఒక పేరుగా మీ నాన్న చేతే పెంటమ్మ అని రాయించండి. పాప చెవిలో కూడా ఆయన్నే చెప్పమనండి. నలుగురూ ఉండగా ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆయన చెబితే ఇంకా మంచిది. మీ నాన్న ‘ఎక్కడో ఒకచోట’ అన్నారు. సర్టిఫికెట్‌లో అనలేదు. ఆయనకు కావాల్సింది వాళ్లమ్మను మర్చిపోకపోవడం అనే నాకు అనిపిస్తోంది.

ఇక ‘ణ’ సంగతి. ఇది చూసి మీరు బెంగపడ్డారు కానీ నాకైతే చాలా సంతోషం వేసింది. హస్తకు పూ, ష, ణ, ఠ అక్షరాలు. ఆర్ద్రలో మూడో పాదం వాళ్లకు ఙ వస్తుంది. ఈ అక్షరాలతో పేర్లు లేక తల్లిదండ్రులు తిప్పలు పడటం ఎప్పటి నుంచో ఉంది. ‘ణ’ బదులు ‘న’ తీసుకోవడం సర్దుబాటు అని చాలామంది అనుకుంటారు. కానీ దానికి వ్యాకరణంలో గట్టి ఆధారమే ఉంది. పాణిని సంప్రదాయంలోని ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియా మూలాల పట్టిక తెరిస్తే, మనం ‘న’తో పలికే ధాతువులు చాలావరకు అక్కడ ‘ణ’తోనే రాసి ఉంటాయి. వంగడం, నమస్కరించడం అనే అర్థమున్న నమ్ అక్కడ ‘ణమ’. నడిపించడం అనే అర్థమున్న నీ అక్కడ ‘ణీ’. ధ్వని చేయడం అనే నద్ అక్కడ ‘ణద’. వీటికోసమే పాణిని వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయి ఆరో అధ్యాయంలో ‘ణో నః’ అని చిన్న సూత్రం ఉంది. ధాతువు మొదట్లో ఉన్న ణ, న అవుతుందని దానర్థం. మరి ‘న’ అనే పలికేదానికి ‘ణ’ అని రాయడం దేనికి? ముందు ప్ర, పరి లాంటి ఉపసర్గ చేరగానే ఆ దాగిన ణ మళ్లీ పైకి వస్తుంది. నతి ప్రణతి అవుతుంది. వంగడం అనే అర్థంలోని నామం ప్రణామం అవుతుంది. నయం పరిణయం అవుతుంది.

కాబట్టి మీ పాప అక్షరం ఎక్కడికీ పోలేదు, ‘న’ లోపల ఉంది. నయన ఆ ‘ణీ’ నుంచే వచ్చింది, మనల్ని నడిపించేది కనుక కన్ను నయనం. నమిత, నతి ‘ణమ’ నుంచి వచ్చాయి. ‘ణద’ నుంచి నాదం, నది. చప్పుడు చేస్తూ పోతుంది కాబట్టి నది. నందిని కూడా ‘న’తోనే కదా అంటే, దాని మూలధాతువు మొదటి నుంచీ ‘న’తోనే ఉంది, ఈ ణకారపు వరుసలోకి రాదు. నృత్యం, నాథుడు కూడా అంతే. అంత పట్టింపు లేకపోతే నందిని కూడా చక్కని పేరే. మీ పంతులుగారికి ఈ సూత్రం చెప్పి చూడండి, ఆయనా సంతోషిస్తారు.

మీ ఆయన ఏరిన మూడు పేర్ల గురించి. నైరాకు మూడు చోట్ల మూడు అర్థాలు కనబడ్డాయంటే, అర్థం రాసినవాళ్లు నిఘంటువు తెరవలేదని తెలిసిపోతోంది. మెరుపు గానీ గులాబీ గానీ అర్థంగా ఉన్న నైరా అనే మాట సంస్కృతంలో లేదు, తెలుగులో లేదు. కళ్ల సంగతికి మాత్రం ఏదో ఆధారం ఉంది. దక్షిణ అమెరికాలో అండీస్ కొండల్లో మాట్లాడే అయ్మారా భాషలో నాయ్రా అంటే కన్ను. నైజీరియాలో 1973 నుంచి డబ్బును నైరా అంటున్నారు. వినడానికి నచ్చి పెట్టుకుంటే తప్పేమీ లేదు. సంస్కృత పదమని మాత్రం పాపకు చెప్పకండి. కన్నే కావాలంటే మనకు నయన ఉండనే ఉంది.

నైషాలో ష రాస్తే ఆ మాటకు అర్థం లేదు. శ రాసి నైశ అంటే ఉంది, రాత్రికి సంబంధించినది అని. నిశ నుంచి వచ్చింది. రాత్రి అనగానే ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు కానీ యామిని, రజని, శర్వరి అన్నీ రాత్రులే, అన్నీ ముద్దుగా పిలుచుకునే పేర్లే.

నిహారిక మంచి మాట, కాకపోతే మొదటి అక్షరం దీర్ఘం. నీహారిక. నీహారం అంటే మంచు. ఆకాశంలో పొగమంచులా కనబడే నక్షత్ర ధూళి మేఘాన్ని మన ఖగోళ పుస్తకాలు నీహారిక అంటాయి. మూడింటిలో నా ఓటు దీనికే. రాయించేటప్పుడు ఆ గుడిదీర్ఘం పోకుండా చూసుకోండి.

ఒక్క దీర్ఘానికి ఇంత పట్టింపా అనుకోకండి. అలేఖ్య అని మన ఇళ్లలో చాలామంది అమ్మాయిలున్నారు. ‘చిత్రం’ అనే అర్థంతో పెడతారు. చిత్తరువు అనే అర్థం ఉన్నది ఆలేఖ్యకు. దీర్ఘం తీసేసి అలేఖ్య అంటే రాయడానికి వీలు కానిది అని అర్థం వస్తుంది. ఆద్య అంటే మొదటిది. అదే పేరును ఆధ్య అని ఒత్తు పెట్టి రాస్తున్నారు, ఆ మాట నిఘంటువులో కనబడదు. కావాల్సింది సంపదే అయితే అది ఆఢ్య, ధనాఢ్యుడు అన్నప్పటి ఆఢ్య. ధృతి అంటే ధైర్యం, ద్యుతి అంటే కాంతి, రెండూ ఒకటి కావు. ఇభ అనే పేరును మంచి అర్థాలేవో రాసి జాబితాల్లో పెడుతున్నారు, పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో అది ఏనుగు పేర్లలో ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో చదివి పేరు ఎంచుకోవడం వల్ల వచ్చే తిప్పలివి. ఆ అక్షరాల్లో దీర్ఘం, ఒత్తు, శ, ష, ణ, న అన్నీ కలిసిపోతాయి. అందుకని ముందు పేరును తెలుగులో రాసుకోండి. తర్వాత నిఘంటువు చూడండి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఫోన్ మీదే వెతుక్కోవచ్చు. రెండు నిమిషాల పని. ఆడపిల్లల పేరు ఎలా ఉండాలో చెబుతూ పాత ధర్మశాస్త్రం సుఖోద్యం, విస్పష్టార్థం అని రెండు మాటలు వాడింది. హాయిగా పలకగలగాలి, అర్థం తేటగా ఉండాలి. మిగతావి ఎలా ఉన్నా, ఆ రెండూ నేటికీ పనికొచ్చే కొలతలే.

ఆ నిఘంటువుల్లోనే మూలన పడి ఉన్న అచ్చ తెలుగు మాటలు కొన్ని మీ ముందు పెట్టకుండా ఉండలేను. ‘న’తో మొదలయ్యేవే చెబుతాను. నెమ్మి అంటే ప్రేమ, సంతోషం. నెమలిని కూడా నెమ్మి అంటారు. నెయ్యం అంటే స్నేహం. నెత్తావి అంటే మంచి సువాసన. నెలవంక మీకు తెలిసిందే. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది నన. రెండే అక్షరాలు. నన అంటే మొగ్గ, పువ్వు. పూలవిల్లు పట్టుకున్నవాడు కాబట్టి మన్మథుణ్ని ననవిల్తుడు అన్నారు మన కవులు. పువ్వులాంటి అమ్మాయి ననబోడి. మాటల్లో పూర్తిగా మరుగున పడిపోయింది కానీ, పలకడానికి ఎంత మెత్తగా ఉందో ఒకసారి పాప ముఖం చూస్తూ అనండి. ఇంకో సంగతి, ‘నన’ అని పిలిస్తే అందులో ‘నాయనమ్మ’ కూడా కొంచెం వినబడుతుంది. అది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు కావచ్చు, లేదా అదే అసలు పేరు కావచ్చు. నన్నడిగితే కాగితాల మీద నయన, ఇంట్లో నన, బియ్యం పళ్లెంలో పెంటమ్మ. నీహారికే మీ ఆయన మనసులో ఉంటే దానికీ నాకు అభ్యంతరం లేదు.

తొట్టెలకు ఇంకా తొమ్మిది రోజులుంది. అవన్నీ తేల్చుకునే ముందు ఈ రాత్రి మీ నాన్నకు ఫోన్ చేయండి. నాయనమ్మకు ముందు ఇంట్లో ఎంతమంది పుట్టారు, ఎవరు పోయారు, ఆమెను పెంటకుప్ప మీద నుంచి ఎత్తుకున్నది ఎవరు, ఏ ఊళ్లో, ఇవన్నీ అడగండి. ఆయనకు కొంతే తెలిసి ఉండొచ్చు. ఆమె వయసు వాళ్లు ఊళ్లో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లను అడిగి చెప్పమనండి. చెప్పినవి చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో రాసి, పాప టీకాల కార్డు పక్కన పెట్టుకోండి.